వ్యాన్‌లో సెల్ఫ్ మోటార్ ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

బానెట్ ఎత్తి, కనిపించిన ప్రతి డబ్బానీ తడిమి చూసేవాళ్లే ఎక్కువ. అలా పొద్దుగూకే దాకా వెతికినా దొరకదు. ఇంజిన్‌ని స్టార్ట్ చేసే ఈ సెల్ఫ్ మోటార్ తిప్పేది ఫ్లైవీల్ అనే బరువైన చక్రం అంచున ఉన్న పళ్లచక్రాన్ని. ఆ ఫ్లైవీల్ ఉండేది ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య. కాబట్టి ముందు ఆ రెండూ కలిసే అతుకు పట్టుకోండి.

తలకు పెట్టుకునే లైటు, చిన్న అద్దం, గ్లౌజులు, పానాలు చాలు. ఫోను లైటు వద్దు, ఒక చెయ్యి దానికే పోతుంది. బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ చల్లారనివ్వండి. కిందకి దూరాలంటే జాకీ ఒక్కటీ చాలదు, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఇప్పుడు బ్యాటరీ. కొన్ని వ్యాన్లలో అది సీటు కింద ఉంటుంది. ముందుగా నెగటివ్ వైరే విప్పాలి. ఎందుకంటే సెల్ఫ్‌కి వెళ్లే లావు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, చాలా బండ్లలో దానికి ఫ్యూజు కూడా ఉండదు. పానా ఒక కొన ఆ నట్టుకూ, రెండో కొన ఇంజిన్‌కూ తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి, పానా అక్కడే అతుక్కుపోవచ్చు. చేతికి ఉంగరం ఉంటే ఇంకా ఘోరం. పాజిటివ్‌తో మొదలుపెట్టినా ఇదే ప్రమాదం: పానా జారి బాడీకి తగిలితే షార్టే. తిరిగి బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. బండి గడియారంలో టైము చెరిగిపోతుందని ఈ పని ఎగ్గొట్టేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

ముందు చక్రాలు లాగే వ్యాన్లలో ఇంజిన్ సాధారణంగా అడ్డంగా ఉంటుంది. అతుకు ఒక పక్కకు వస్తుంది. మోటార్ దాని ముందువైపైనా ఉంటుంది, క్యాబిన్ గోడ వైపు నక్కైనా ఉంటుంది. అద్దం అక్కడే పనికొస్తుంది. ఇంజిన్ బండి పొడవు వెంట ఉండి వెనక చక్రాలు లాగే వ్యాన్లలో అతుకు ఇంజిన్ వెనక కొసన ఉంటుంది, కింద నుంచి చూడటమే సులువు.

బ్యాటరీ వైరు పట్టుకుని పోతే సరిపోతుందిగా అంటారు. పొండి, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో దగ్గర తేలతారు. దానికీ లావు వైరే. డైనమోకి పుల్లీ, బెల్టు ఉంటాయి, సెల్ఫ్‌కి ఉండవు. సాధారణంగా సెల్ఫ్ అంటే లావు సిలిండర్, దాని వీపున చిన్న సిలిండర్. ఆ చిన్నది సాలినాయిడ్, అంటే మోటార్‌కి కరెంటు వదిలే స్విచ్. దాని వెనక రెండు పెద్ద బోల్టులు: ఒకదానికి బ్యాటరీ వైరు, రెండోదాని నుంచి మోటార్‌లోకి బెత్తెడు కూడా లేని రాగి పట్టీ. పక్కన తాళం నుంచి వచ్చే సన్న వైరు.

దొరికింది కదా అని వెంటనే విప్పేయకండి. లావు వైరు నట్టు వదులైందా, కింద ఆకుపచ్చ పొడి పేరుకుందా, ఇంజిన్ ఎర్త్ వైరు గట్టిగా ఉందా చూడండి. బాగున్న మోటార్లు ఎన్నో ఈ మూడూ చూడకపోవడం వల్లే మారిపోతుంటాయి.