కాగితపు గుజ్జుతో బొమ్మల తలలు – రెండవ పాఠం: మెడ, ముఖం

మనం చేస్తున్నవి చేతికి తొడుక్కొని, మెడలో వేలు దూర్చి ఆడించే బొమ్మలు. మొదటి పాఠం ప్రకారం చింపిన దినపత్రికల ముక్కలు రాత్రంతా నీటిలో నాని ఉంటాయి. ఇప్పుడు వాటిని పిల్లల చేతనే పిసికించి, అచ్చు అక్షరం ఒక్కటీ కనిపించనంత మెత్తగా అయిన తరువాత పలుచని గుడ్డలో వేసి నీరు పిండాలి.

జిగురు కోసం 1 కప్పు మైదాను చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, 4 కప్పుల మరిగే నీటిలో పోస్తూ, తెలుపు తగ్గి నిగనిగలాడే వరకు సన్నని మంట మీద కలియబెట్టాలి. పొయ్యి దగ్గర పని పెద్దలదే. కొండపల్లి బొమ్మల భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పిండి దొరికితే మైదాకు బదులు దానిని ఉడికించి వాడవచ్చు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపే పాత అలవాటు ఒకటి ఉంది. అది విషం కనుక పిల్లలు చేతులు పెట్టే జిగురులో కలపనే కూడదు.

బొమ్మ తల ఊపినా, వంగి నమస్కరించినా ఆ కదలిక మెడ నుంచే రావాలి కనుక, తొందరపడకుండా చేయవలసిన పని ఇదే. పిల్లవాడి చూపుడువేలి చుట్టూ పలుచని అట్టను రెండు చుట్లు చుట్టి, రెండవ కణుపు దాకా వేలు సులువుగా దిగేలా కొంత వదులు ఉంచి అంటించాలి. గుజ్జు ఎండుతూ ముడుచుకొని గొట్టాన్ని బిగిస్తుంది కాబట్టి ఈ వదులు తప్పనిసరి. అన్న వేలికి కొలిచిన మెడ చెల్లెలి వేలికి నిలవదు; ఎవరి బొమ్మకు వారి వేలే కొలత. గొట్టం అడుగు అంచు చుట్టూ గుజ్జుతో చిన్న గట్టు కట్టాలి. తరువాత చొక్కాను దారంతో బిగించినప్పుడు అది జారకుండా ఆపేది ఈ గట్టే.

గొట్టం పైకొసన నలిపిన కాగితపు ఉండను టేపుతో బిగించి, జిగురు కలిపిన గుజ్జును దానిపై 5 మిల్లీమీటర్లకు మించని పొరగా పరచాలి. మందంగా వేస్తే లోపల తడి నిలిచి బూజు పడుతుంది. ఈ పొర కాస్త బిగిసిన తరువాతే ముక్కు, గడ్డం, కనుబొమలు పెట్టాలి. కంటి గుంటలను బొటనవేలితో లోతుగా నొక్కించండి. పైనుంచి పడే వెలుతురుకు ఆ గుంటల్లో నీడ చేరి, రంగు వేయకముందే ముఖానికి చూపు వస్తుంది. తోలుబొమ్మల్లో కళ్లను ముఖం కొలతకు తగినదానికన్నా పెద్దవిగా తీర్చుతారు, అందుకే అవి దూరాన కూర్చున్నవారికీ తెలుస్తాయి. మన బొమ్మకూ ఆ ధారాళం కావాలి. పిల్లలు పెట్టిన ముక్కు వంకరగా ఉన్నా దయచేసి సరిదిద్దవద్దు. ఆ వంకర ముక్కులోంచే వారికి ఒక గయ్యాళి అత్తో, జలుబు చేసిన రాజుగారో తోస్తారు.

తలను ఇసుక నింపిన సీసాలో నిలిపిన పుల్లకు గుచ్చి, మొదటి రోజు నీడలోను, తరువాత ఎండలోను ఆరబెట్టాలి. గోటితో తడితే డొల్ల శబ్దం వచ్చి, చేతికి తేలికగా తోచినప్పుడే ఎండినట్టు లెక్క. బీటలు కనిపిస్తే గుజ్జును మరికొంత జిగురుతో పలుచన చేసి పూయండి. సుద్ద పూత, రంగులు మూడవ పాఠంలో.