ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎక్సెల్ టెంప్లేట్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

విండోస్‌లో ఎక్సెల్ 2016, ఆ తర్వాతి వెర్షన్లు వాడుతూ, టెంప్లేట్లను (మళ్లీ మళ్లీ నకలు తీసి నింపే ఖాళీ ఫారాలను) సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టుకున్న ఆఫీసులకు ఇది.

ఖాళీ ఫారం తెరిస్తే ఎవరివో లెక్కలు కనిపిస్తున్నాయి

ఎక్కువ నష్టం చేసేది ఇదే. కొత్త టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు తెరిస్తే పోయిన నెల బస్సు చార్జీలు ఉంటాయి. కింద మొత్తం గడిలో ఫార్ములా పోయి వట్టి అంకె మిగిలి ఉంటుంది. ఎవరో అసలు ఫైల్లోనే నింపి సేవ్ కొట్టారన్నమాట.

ఫైల్ మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అయితే డబుల్ క్లిక్ చేసినా అసలుదే వస్తుంది. ఎక్స్‌ఎల్‌టీఎక్స్ (ఎక్సెల్ టెంప్లేట్ ఫైల్) అయినా పూర్తి భద్రత లేదు. ఫోల్డర్‌లో డబుల్ క్లిక్ చేస్తే నకలు వస్తుంది కానీ, ఎక్సెల్ లోపలి నుంచి ఫైల్, ఓపెన్ అని వెళ్తే అసలుదే తెరుచుకుంటుంది. టైటిల్ బార్‌లో పేరు చివర 1 చేరితే (టీఏబిల్లు1) అది నకలు. చేరకపోతే ఏమీ నింపకుండా మూసేయండి.

సరిచేయడానికి, ఫారాన్ని శుభ్రం చేసి సేవ్ యాజ్‌లో టైప్‌ను 'ఎక్సెల్ టెంప్లేట్'గా మార్చండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. టైప్ మార్చగానే ఎక్సెల్ చెప్పాపెట్టకుండా ఫోల్డర్‌ను మీ డాక్యుమెంట్స్‌లోని 'కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్'కు మార్చేస్తుంది. అలాగే సేవ్ చేస్తే కొత్తది మీ కంప్యూటర్లో, పాతది సర్వర్లో ఉండిపోతాయి. ముందు టైప్ మార్చి, ఆ తర్వాతే సర్వర్ ఫోల్డర్ ఎంచుకోండి.

తర్వాత ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీలో సిబ్బందికి 'రీడ్ అండ్ ఎగ్జిక్యూట్' మాత్రమే ఇవ్వండి. 'మాడిఫై' టెంప్లేట్ బాధ్యత ఉన్న ఒకరిద్దరికి చాలు. మాడిఫై ఉన్నా వాళ్లకు సేవ్ కాకపోతే షేర్ పర్మిషన్ (ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో పంచేటప్పుడు ఇచ్చే అనుమతి) 'రీడ్'లో ఉందేమో చూడండి. సెక్యూరిటీ, షేర్ అనుమతుల్లో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. షీట్ ప్రొటెక్షన్ దీనికి బదులు కాదు. అది గడులను కాపాడుతుందే తప్ప ఫైల్‌ను చెరిపేయకుండా ఆపదు.

కొందరికి 'న్యూ'లో టెంప్లేట్ కనిపించదు

ఆ కంప్యూటర్లో ఎక్సెల్‌కు టెంప్లేట్ ఫోల్డర్ దారి చెప్పి ఉండరు, లేదా డ్రైవ్ అక్షరంతో చెప్పి ఉంటారు. మీకు జెడ్ అయిన డ్రైవ్ పక్క సీటులో వై కావచ్చు. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి 'డిఫాల్ట్ పర్సనల్ టెంప్లేట్స్ లొకేషన్'లో \\సర్వర్‌పేరు\షేర్‌పేరు రూపంలో పూర్తి దారి ఇవ్వండి. ఆ తర్వాత 'న్యూ'లో 'పర్సనల్' కింద కనిపిస్తుంది. ఈ గడిలో ఒక్క దారే పడుతుంది కాబట్టి, వాళ్ల సొంత టెంప్లేట్లు అక్కడి నుంచి మాయమవుతాయని ముందే చెప్పండి.

తెలుగు శీర్షికలు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి

ఫారం 'అను' ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) టైప్ చేసి ఉంటుంది. అందులో ఉన్నవి నిజానికి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే. ఫాంట్ లేని కంప్యూటర్లో వాటి అసలు రూపం బయటపడుతుంది. వర్డ్‌లో లాగా ఫాంట్‌ను ఫైల్లోనే పొదిగే వీలు ఎక్సెల్‌లో లేదు. ప్రతి కంప్యూటర్లో ఫాంట్ వేయడం తాత్కాలిక వైద్యమే. శీర్షికలను యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసి 'నిర్మలా యూఐ' పెట్టండి. విండోస్ 8 నుంచి అది సిస్టమ్‌తోనే వస్తుంది. అక్షరాల వెడల్పు మారుతుంది కనుక ప్రింట్ ప్రివ్యూలో నిలువు వరసలు పేజీ దాటుతున్నాయేమో చూసుకోండి.

ఎర్ర పట్టీ వచ్చి మాక్రో ఆగిపోతోంది

మాక్రో అంటే ఫైల్లోనే ఉండి పనిని తానే చేసే చిన్న ప్రోగ్రాం. షేర్‌ను సర్వర్ పేరుతో కాక ఐపీ అడ్రస్‌తో (సర్వర్ అంకెల చిరునామాతో) తెరిస్తే విండోస్ దాన్ని ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైల్‌గా లెక్కేస్తుంది. పేరుతో తెరవండి. తప్పదంటే ఆ అడ్రస్‌ను ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో 'లోకల్ ఇంట్రానెట్' జోన్‌లో చేర్చండి. మెయిల్లో వచ్చిన ఫైల్‌ను అక్కడ పెట్టి ఉంటే ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' టిక్ చేయాలి. మాక్రో ఉన్న టెంప్లేట్ ఎక్స్‌ఎల్‌టీఎమ్‌గానే ఉండాలి. ఎక్స్‌ఎల్‌టీఎక్స్‌గా సేవ్ చేస్తే మాక్రోలు పోతాయి.

తెరవగానే 'అప్‌డేట్ లింక్స్' అని అడుగుతోంది

ఏదో ఫార్ములా ఇంకో ఫైల్‌ను చూస్తోంది. డేటా ట్యాబ్‌లో 'ఎడిట్ లింక్స్' (కొత్త వెర్షన్లలో 'వర్క్‌బుక్ లింక్స్') తెరిస్తే అదేదో తెలుస్తుంది. రేట్ల పట్టిక వంటి చిన్న జాబితా అయితే దాన్ని టెంప్లేట్‌లోనే ఒక షీట్‌గా పెట్టి, ఫార్ములాలను అటు తిప్పండి.