వేడి దేశంలో చలికాలపు పూలు ఎప్పుడు నాటాలి?

చలి దేశం నుంచి వేడి దేశానికి మారినవాళ్లు మొదటి ఏడాది తోటలో ఒక పొరపాటు చేస్తుంటారు. విత్తనాల ప్యాకెట్ వెనక "వసంతంలో, మంచు పోయాక నాటండి" అని ఉంటుంది, అలాగే చేస్తారు. నేనూ చేశాను. మార్చిలో పాన్సీలు (చల్లదనంలో పూసే చిన్న పూలమొక్కలు) నాటితే నెల తిరిగేసరికి కాడలు సాగిపోయాయి, పూలు చొక్కా గుండీలంత అయిపోయాయి. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకా పోశాను. దాంతో వేళ్లు కుళ్లాయి.

ప్యాకెట్ మీద ఆ మాట రాసింది చలికి నేల గడ్డకట్టే ప్రాంతాల వాళ్ల కోసం. అక్కడ మొక్కకు గండం చలికాలం, ఇప్పుడు మీరుంటున్న చోట ఎండాకాలం. అందుకని ఎండలు తగ్గాక నాటి, మళ్లీ ముదిరేలోపు పూయించుకోవాలి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంటే చాలాచోట్ల అది అక్టోబరు, నవంబరు. దక్షిణాన అయితే ఏప్రిల్, మే. మొక్క చలికి ఎంత తట్టుకుంటుందో చెప్పే జోన్ నంబరు చూసి మురిసిపోకండి, అందులో వేడి సంగతి ఉండదు.

నెల కంటే రాత్రి ఉష్ణోగ్రత నమ్మకమైన గుర్తు. వారం రోజులు వరసగా రాత్రిళ్లు 18 డిగ్రీల లోపు ఉంటే నాటేయొచ్చు. పగలు ఇంకా 30 దాటుతుంటే ఆగండి. పగలు ఆకు తయారుచేసుకున్న ఆహారాన్ని రాత్రి వేడిలో మొక్క త్వరగా ఖర్చు చేసేస్తుంది, పువ్వుకు మిగిలేది తక్కువ. ఏడాదంతా రాత్రిళ్లు 20 కి దిగని చోటయితే నేను పాన్సీల మీద ఆశ పెట్టుకోను.

విత్తనం నుంచి పెంచాలంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. పాన్సీ, వయోలా నారు నాటడానికి వచ్చేసరికి 8 నుంచి 10 వారాలు పడుతుంది. అంటే బయట ఇంకా ఎండ మండుతుండగానే ఇంట్లో నారు పోయాలి. గది 20 డిగ్రీల దగ్గర ఉంటే బాగా మొలుస్తాయి, 25 దాటితే మొలకలు పలచబడతాయి. విత్తనం మీద వెలుతురు పడకుండా సన్నగా మట్టి కప్పండి. ఇంత ఓపిక లేకపోతే నారే కొనుక్కోండి, తప్పేం లేదు. స్నాప్‌డ్రాగన్, డయాంథస్ కూడా నారుగా నాటుకోవచ్చు. గసగసాల జాతి పూలకు మాత్రం వేరు కదిలితే పడదు, చల్లబడ్డాక విత్తనాలు నేరుగా మడిలోనే చల్లాలి.

తులిప్ మీద మోజుంటే ఫ్రిజ్‌లో చోటు చూసుకోవాలి. దుంపలకు 12 నుంచి 14 వారాల చలి కావాలి, వేడి నేల అది ఇవ్వలేదు. కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఏడాదిలో బాగా చల్లగా ఉండే రోజుల్లో నాటండి. పక్కన ఆపిల్ పళ్లు మాత్రం పెట్టకండి, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ చచ్చిపోతుంది. ఇంతా చేస్తే పూసేది ఒక్కసారే, మరుసటి ఏడాదికి కొత్త దుంపలు కొనాల్సిందే. నేను రెండేళ్లు చేసి మానేశాను.

ఎప్పుడైనా ఒక రాత్రి మంచు పడి పొద్దున పాన్సీలు వాలిపోయి కనిపిస్తే టెన్షన్ పడకండి. ఎండెక్కాక వాటంతటవే లేస్తాయి. వడగాలి మొదలయ్యాక వాలితే మాత్రం లేవవు. అప్పుడు పీకేసి అదే మడిలో వేడిని తట్టుకునే జినియా విత్తనాలు వేసుకోండి.