అనస్థీషియా మిషన్‌లో లీకు ఎక్కడ దొరికిందంటే

అమలాపురం వైపు ఒక చిన్న ఆసుపత్రిలో ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్‌ని. పొద్దున్నే మొదటి కేసుకు ముందు మత్తు ఇచ్చే మిషన్‌కి లీక్ టెస్ట్ పెట్టాను. ఏపీఎల్ వాల్వ్ (ఎక్కువైన గ్యాస్‌ని బయటికి వదిలేది) బిగించి, వై-పీస్ (పేషెంటు వైపు రెండు ట్యూబులు కలిసే ముక్క) మూసి, ఒక్కసారిగా గ్యాస్ నింపే ఆక్సిజన్ ఫ్లష్‌తో 30 సెంటీమీటర్ల నీటి పీడనం ఎక్కించాను. కనీసం 10 సెకన్లు నిలవాల్సిన పీడనం మీటరు ముల్లు మెల్లగా జారిపోతోంది. మత్తులో ఉన్న మనిషి గాలి చాలట్లేదని చెప్పలేడు, కాబట్టి ఇంత చిన్న లీకునీ వదలకూడదు.

ముడతల ట్యూబులు, బ్యాగు మార్చినా అంతే. రాత్రి డ్యూటీవాళ్లు సోడా లైమ్ (పేషెంటు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే గింజలు) మార్చారని తెలిసి, అవి ఉండే కేనిస్టర్ విప్పాను. రబ్బరు గ్యాస్కెట్ మీద నూకంత గింజ ఒకటి ఇరుక్కుంది! గ్లవ్స్ వేసుకుని (సోడా లైమ్ చర్మాన్ని కాలుస్తుంది) తుడిచి, కేనిస్టర్‌ని సమంగా కూర్చోబెట్టి బిగించాను. మళ్లీ టెస్ట్ చేస్తే ముల్లు కదల్లేదు. డాక్టరుగారికి చూపించాకే పేషెంటుని లోపలికి తెచ్చాం.