నాన్నకి ఫ్రీ డిష్ పెట్టాను: టీవీ కొనేవాళ్లకి నాలుగు మాటలు

టీవీ కొట్లో అందరం బొమ్మ చూస్తాం. మీరు మాత్రం దాన్ని ఒకసారి వెనక్కి తిప్పించి చూడండి. తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నకి టీవీ కొన్నప్పుడు కొట్టు అబ్బాయి, "ఫ్రీ డిష్ ఇందులోనే వస్తుంది మేడం, బాక్స్ అక్కర్లేదు" అన్నాడు. (ఫ్రీ డిష్ అంటే నెల నెలా డబ్బు కట్టకుండా డిష్ పెట్టుకుని చానెళ్లు చూసే ప్రభుత్వ సర్వీసు.) ఇంటికొచ్చి చూస్తే వెనక కేబుల్ పిన్ను గుచ్చే రంధ్రం ఒక్కటే ఉంది. డిష్ వైరుకి మర తిప్పి బిగించే పిన్ను కావాలి, దాని పక్కన శాటిలైట్ అని రాసి ఉండాలి. వివరాల కాగితంలో డీవీబీ-ఎస్2 అని ఉంటేనే టీవీలో డిష్ సిగ్నల్‌ని నేరుగా అందుకునే ట్యూనర్ ఉన్నట్టు.

లేకపోయినా ఫర్వాలేదు, విడిగా సెట్‌టాప్ బాక్స్ కొనుక్కోవచ్చు. ఎంపెగ్ 4 బాక్సే అడగండి. పాత ఎంపెగ్ 2 బాక్సులో హెచ్‌డీ చానెళ్లు రావు. బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైరే పెట్టండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు పెడితే ఎంత మంచి టీవీ అయినా బొమ్మ అలికినట్టే ఉంటుంది.

ఇక సైజు. నాన్న మంచానికీ టీవీకీ ఎనిమిది అడుగులు, అందుకే 32 అంగుళాలు తీసుకున్నాను. అందులో ఎక్కువ హెచ్‌డీ రెడీవే, అంటే బొమ్మలో 1366×768 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ 1920×1080. 32 దాటితే పన్ను ఎక్కువన్న పాత లెక్క ఇప్పుడు లేదు, 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలకీ జీఎస్టీ 18 శాతమే. అయినా ఫ్రీ డిష్ కోసమే అయితే మరీ పెద్దది వద్దంటాను. మామూలు చానెళ్ల బొమ్మ పెద్ద తెర మీద చెదిరిపోతుంది.

ఫ్రీ డిష్ ప్రసార భారతిది, 2004 డిసెంబరు నుంచి ఉంది. నెల నెలా కట్టేది ఏమీ లేదు. డబ్బు కట్టే సీరియల్ చానెళ్లు ఇందులో రావు, అది ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. నాన్నకి సప్తగిరిలో వార్తలు, డీడీ స్పోర్ట్స్‌లో ఆటలు ఉంటే చాలు.

అసలు పని డాబా మీదే. ఉపగ్రహం జీశాట్-15, తూర్పు 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. మా వైపు నుంచి అది ఆగ్నేయంలో, దాదాపు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. కొబ్బరి మట్ట అడ్డున్నా సిగ్నల్ పోతుంది. ఫోన్‌లో దిక్సూచి చూసేటప్పుడు ఇనుప స్తంభానికి నాలుగడుగులు దూరంగా నిలబడండి, లేకపోతే తప్పు చూపిస్తుంది. మన డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ (పళ్లెం ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే బుడిపె) కిందివైపు ఉంటుంది కాబట్టి పళ్లెం చూడ్డానికి అంత పైకి ఎత్తినట్టు అనిపించదు. కంగారు పడి ఇంకా ఎత్తేయకండి.

వైరు కొసన రాగి తీగ చిన్న వేలి గోరంత బయటికి ఉండాలి, చుట్టూ ఉన్న జాలీ పోగు ఒక్కటీ దాన్ని తాకకూడదు. నేను మొదటిసారి ఒక పోగు వదిలేశాను, గంటసేపు సిగ్నల్ రానే లేదు. పిన్ను బిగించేటప్పుడు బాక్సు స్విచ్చి కట్టేసి ఉంచండి.

తర్వాత కింద నాన్న టీవీ ముందు ఫోన్ పట్టుకుని వీడియో కాల్‌లో ఉన్నారు, పైన నేను స్పానర్‌తో. టీవీ తెర మీద సిగ్నల్ చూపించే రెండు గీతల్లో స్ట్రెంత్ గీతని పట్టించుకోకండి, డిష్ ఎటు తిరిగినా అది కనిపిస్తుంది. క్వాలిటీ గీతే నిజం. నట్టు కాస్త వదులు చేసి, పళ్లేన్ని వెంట్రుకవాసి జరిపి, అయిదు అంకెలు లెక్కపెట్టి ఆగాలి. ఇరవై నిమిషాలు సున్నా. ఒక్కసారిగా నాన్న "ఆగమ్మా, అరవై!" అని అరిచారు. అక్కడే బిగించేశాను. ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరుని కిందికి ఒక వంపు తిప్పి కట్టండి, వాన నీళ్లు పిన్నులోకి దిగకుండా కిందికి కారిపోతాయి. కుండపోత వానలో కాసేపు బొమ్మ పోవడం మామూలే.

మొహాలు సాగినట్టు కనిపిస్తే రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3కి మార్చండి.

కొత్త చానెళ్లు వస్తుంటాయి, పాతవి స్థానం మారుతుంటాయి. అప్పుడు మళ్లీ స్కాన్ చేయాలి. ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన గోడకి అంటించాను. మొన్న నాన్న ఫోన్ చేసి, తనొక్కరే స్కాన్ చేసుకున్నానని చెప్పారు.