ధర1, ధర2 అని వేరియబుల్స్ పెంచుకుంటూ పోకండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు పైథాన్‌లో రాసిపెట్టుకునేవాళ్లకు ఇదొక తలనొప్పి: తేజ, వండర్ హాట్, చపాటా, 341... రకానికో వేరియబుల్ కావాలి, రేపు ఇంకో రకం వస్తే మళ్లీ కోడ్ తెరవాలి. కొందరు ఎగ్జెక్‌తో (స్ట్రింగ్‌ను కోడ్‌గా నడిపే ఫంక్షన్) లూప్‌లోనే పేర్లు పుట్టిస్తారు. నడవడానికి నడుస్తుంది గానీ, తప్పు ఎక్కడుందో వెతకాలంటే ప్రాణం పోతుంది. ఫంక్షన్ లోపలైతే అలా పుట్టించిన పేరు నేరుగా పిలిస్తే పలకదు కూడా.

ఒక్క డిక్షనరీ చాలు, అందులో ఒక్కో పేరు (కీ) కింద ఒక్కో విలువ ఉంటుంది. లూప్‌కు ముందు:

ధరలు = {}

లూప్ లోపల:

ధరలు[రకం] = ధర

(పైథాన్ 3లో తెలుగు పేర్లు కూడా చెల్లుతాయి, కావాలంటే ఇలాగే రాసుకోండి.) తర్వాత ధరలు["తేజ"] అంటే ఆ ధర వచ్చేస్తుంది. లేని రకం అడిగితే ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది, అనుమానం ఉన్నచోట గెట్ వాడండి, ఎర్రర్ బదులు None ఇస్తుంది. రోజువారీ ధరలన్నీ ఉంచుకోవాలంటే మాత్రం ఇది సరిపోదు, కొత్త ధర పాతదాన్ని చెరిపేస్తుంది. అప్పుడు ప్రతి రకానికీ ఒక ఖాళీ లిస్ట్ పెట్టి, వచ్చిన ధరను అపెండ్ చేస్తూ పోవాలి. అన్ని రకాలూ ఒకేసారి చూడాలంటే ఐటమ్స్‌తో ఒక లూప్. పైథాన్ 3.7 వెర్షన్ నుంచి ఎక్కించిన వరసలోనే వస్తాయి.

దెబ్బతినేది 341 రకం దగ్గర. సీఎస్‌వీ మాడ్యూల్‌తో చదివితే అది స్ట్రింగ్‌గా వస్తుంది, ఎక్సెల్ షీట్ నుంచి తెస్తే సంఖ్యగా రావచ్చు. డిక్షనరీకి అవి రెండు వేర్వేరు కీలు, ఒకే రకం రెండుసార్లు కనిపిస్తుంది. "తేజ" చివర ఒక స్పేస్ మిగిలినా ఇదే గోల. కీ పెట్టేముందే స్ట్రింగ్‌గా మార్చి, అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు పోయేలా స్ట్రిప్ చేసేయండి.