లేసు పువ్వుకి పదహారు రేకులు చుట్టూ పేర్చడం ఎలా

నరసాపురంలో మా పిన్ని లేసు అల్లుతుంది. టీపాయ్ మీద పరిచే గుండ్రటి ముక్కలు, మధ్యలో చిన్న పువ్వు, చుట్టూ రేకులు. ఒకసారి కొత్త డిజైను కాగితం మీద ప్రింటు తీసివ్వమంది. నేను ఒక్క రేకు గీసి, కాపీ చేసి, 22 డిగ్రీలు తిప్పి, మళ్లీ కాపీ, మళ్లీ తిప్పుడు, అలా పదహారూ చేత్తోనే లాగించేశాను. ప్రింటు చూసి పిన్ని ఒకటే మాట అంది: "ఏరా, ఈ ఆఖరి రేకు పక్కన సందేంటి, పన్ను ఊడినట్టు?"

16ని 22తో గుణిస్తే 352. మిగిలిన 8 డిగ్రీలే ఆ సందు. 360ని 16తో భాగిస్తే 22.5 వస్తుంది, ఆ అర డిగ్రీని నేను లెక్కలోంచి వదిలేశాను.

భాగహారం ఎలాగో సర్దుకుంటుంది లెండి. జనం అసలు తిప్పలు పడేది కేంద్రం దగ్గర. బొమ్మని ఊరికే తిప్పితే అది బొంగరంలా తన చుట్టూ తానే తిరుగుతుంది. మనకి కావాల్సింది గానుగెద్దు తిరిగినట్టు, పువ్వు మధ్యని పట్టుకుని చుట్టూ తిరగడం. ఇది బుర్రకెక్కితే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి దాంట్లో చెప్తాను.

ముందు కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కి పట్టుకుని 100 మిల్లీమీటర్ల వ్యాసంతో ఒక వృత్తం గీయండి. ఇది కొలత కోసమే, చివర్లో తీసేస్తాం. వృత్తం పైభాగాన, గీత మీద కూర్చునేలా ఒక రేకు గీసి, అలైన్ ప్యానెల్‌లో రెండింటి మధ్యలూ ఒకే నిలువు గీతలోకి తెచ్చుకోండి. రేకు వెడల్పు ఎంతుండాలో కూడా ఇక్కడే తేలుతుంది: చుట్టుకొలత సుమారు 314 మిల్లీమీటర్లు, పదహారుతో భాగిస్తే 19.6. రేకు బాగా వెడల్పుగా ఉండే చోటు వృత్తం గీత మీదే ఉంటే, వంపు వెంట కాకుండా నేరుగా కొలిచినప్పుడు సుమారు 19.5 దాటిన దగ్గర్నుంచి పక్క రేకు మీదకి ఎక్కుతుంది. లేసుకి రేకులు అంచులు తగిలీ తగలనట్టు ఉంటేనే అందం, నేనైతే 18 పెడతాను.

ఇప్పుడు రేకు మీద ఒకసారి క్లిక్ చేసి, ఆగి, ఇంకోసారి క్లిక్ చేయండి. మూలల్లో బాణాలు వంపు తిరుగుతాయి, రేకు మధ్యలో చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తుంది. అదే గానుగ రోలు. దాన్ని పట్టుకుని వృత్తం మధ్యకి లాగి వదలండి, స్నాపింగ్ (దగ్గరికి తెస్తే దానంతటదే అతుక్కునే సౌకర్యం) ఆన్‌లో ఉంచుకోండి. కంటి అంచనాతో పెడితే అర మిల్లీమీటరు తేడా వచ్చినా పువ్వంతా ఓ పక్కకి ఒరిగినట్టుంటుంది. కంట్రోల్ పట్టుకుని ఒకసారి తిప్పి చూడండి, రేకు వృత్తం వెంటే నడిస్తే సరిగ్గా కుదిరినట్టు. అన్‌డూ చేసి ముందుకెళ్లండి.

ఎడిట్ మెనూలో క్లోన్, అందులో క్రియేట్ టైల్డ్ క్లోన్స్. ముందు రీసెట్ నొక్కండి, పాత అంకెలు మిగిలిపోయి ఉంటే బొమ్మ ఎటో ఎగిరిపోతుంది, టెన్షన్ మీకే. సిమెట్రీ పీ1లో ఉంచి, షిఫ్ట్ ట్యాబ్‌లో ఎక్స్ షిఫ్ట్, పర్ కాలమ్ దగ్గర మైనస్ 100 శాతం. రొటేషన్ ట్యాబ్‌లో పర్ కాలమ్ 22.5. కింద వరస ఒకటి, కాలమ్‌లు 16. క్రియేట్ నొక్కండి.

ఇక్కడో మెలిక ఉంది. వచ్చినవి పదహారు క్లోన్లు, అంటే అసలు రేకుకి ముడిపడి ఉండే నకళ్లు, అసలు రేకుతో కలిపి పదిహేడు. మొదటి క్లోన్ సరిగ్గా అసలు రేకు మీదే కూర్చుంటుంది, కంటికి తెలీదు. ప్రింటుకైతే ఫర్వాలేదు గానీ స్టిక్కర్ కటింగ్ మెషిన్‌కి పంపితే బ్లేడు అదే గీత మీద రెండుసార్లు నడుస్తుంది. పైనున్నదాన్ని క్లిక్ చేసి డిలీట్ కొట్టండి. అసలు రేకుని మాత్రం ఉంచుకోండి, దాని అంచు మారిస్తే మిగతా పదిహేనూ వాటంతటవే మారతాయి. పిన్ని పక్కన కూర్చుని "కొంచెం మొన తేల్చరా" అంటున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది.

రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కే డిజైనైతే ఇంకో చిక్కు. ప్రతి రేకూ ముందుదాని మీద, తర్వాతదాని కింద ఉంటుంది, పదహారోది ఒక్కటే ఇటు పదిహేనోదాని మీదా, అటు మొదటిదాని మీదా ఎక్కి కూర్చుంటుంది. చుట్టు అక్కడ తెగినట్టు కనిపిస్తుంది. మొదటి రేకుకి ఇంకో నకలు తీసి, హోమ్ కీతో అన్నిటికంటే పైకి తెచ్చి, పదహారో రేకు వైపు సగాన్ని మాత్రమే కప్పేలా ఒక చతురస్రం గీసి, రెండూ ఎంచుకుని ఆబ్జెక్ట్ మెనూలో క్లిప్ పెట్టండి. రెండో రేకు వైపు సగం మాయమవుతుంది, చుట్టు కలిసిపోతుంది. పాత్ మెనూలోని డిఫరెన్స్‌తో కోయకండి, కోసిన చోట కూడా అంచు గీత వచ్చేస్తుంది.

ఇలస్ట్రేటర్ వాడేవాళ్లకి ఆబ్జెక్ట్ మెనూలో రిపీట్, రేడియల్ ఉంది, పని నిమిషంలో అయిపోతుంది. పాత వెర్షన్ అయితే ఆర్ నొక్కి, ఆల్ట్ పట్టుకుని మధ్యలో క్లిక్ చేసి, 360/16 అని అలాగే టైప్ చేసి కాపీ నొక్కండి, తర్వాత కంట్రోల్ డీ కొడుతూ పోవడమే. కోరెల్ డ్రాలో ఆల్ట్ ఎఫ్8.

8, 12, 16, అశోక చక్రంలోలా 24 అయితే కోణాలు తేలిగ్గా కుదురుతాయి. 14 అంటే మాత్రం 25.714 అంటూ సాగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు క్లోన్లు వదిలేసి, ఇంక్‌స్కేప్ పాత్ ఎఫెక్ట్స్‌లో రొటేట్ కాపీస్ తీసుకుని, కాపీలు 14 అని ఇచ్చి, డిస్ట్రిబ్యూట్ ఈవెన్లీ (పాత వెర్షన్లలో 360 డిగ్రీల కాపీస్) దగ్గర టిక్ పెట్టండి, భాగహారం అదే చూసుకుంటుంది. పిన్ని తర్వాత అడిగింది పద్నాలుగు రేకులే. ప్రింటు తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ తీసేసి 100 శాతంలో తీశాను. స్కేలు పెట్టి కొలుచుకుని, ఈసారి ఏమీ అనకుండా దారం ఉండ అందుకుంది.